తీర్పు వ్యతిరేకంగా వచ్చాక: అప్పీళ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు ఈ మధ్య రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం అడుగుతున్నాయి. కింది కోర్టులో ఓడిపోయాం, పై కోర్టుకు ఎలా వెళ్లాలి, ఎప్పటిలోగా వెళ్లాలి, వెళితే ఏం జరుగుతుంది అన్నది వారి ఆరాటం. అందుకే ఈ సంచికలో శీర్షికను పూర్తిగా అప్పీళ్లకే కేటాయించాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు, కేసు నంబర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె. గట్టు తగాదాలో పక్క పొలం రైతు మీద శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరుతూ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాను. దావా కొట్టేశారు. తీర్పు వచ్చి 25 రోజులయింది. అప్పీలుకు 30 రోజులే గడువని ఒకరు, 90 రోజులని మరొకరు అంటున్నారు. తీర్పు నకలు ఇంకా చేతికి రాలేదు. ఈలోగా అతను గట్టు చెరిపేస్తే నాకు దిక్కేమిటి?

జవాబు: మీకు చెప్పిన ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఇద్దరూ చెప్పింది వేరువేరు కోర్టుల సంగతి. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం సివిల్ అప్పీలు హైకోర్టులో వేయవలసి వస్తే 90 రోజులు, మరే ఇతర కోర్టులో వేయవలసి వచ్చినా 30 రోజులు గడువు. జూనియర్ సివిల్ జడ్జి తీర్పు మీద మొదటి అప్పీలు మీ జిల్లాలోనే సీనియర్ సివిల్ జడ్జి ముందుకో జిల్లా జడ్జి ముందుకో వెళుతుంది కాబట్టి మీకు వర్తించేది 30 రోజుల గడువే.

నకలు చేతికి రాలేదని మీరు కంగారు పడుతున్నారు గానీ, మీరు చూసుకోవలసిన సంగతి వేరొకటి ఉంది. నకలు కోసం దరఖాస్తు పెట్టారా, పెడితే ఏ తేదీన పెట్టారు? నకలు తయారు కావడానికి కోర్టుకు పట్టిన కాలాన్ని గడువులో నుంచి మినహాయించాలని అదే చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది. అయితే దరఖాస్తు పెట్టిన రోజు నుంచే ఆ మినహాయింపు మొదలవుతుంది. దరఖాస్తే పెట్టకుండా, డిక్రీ (తీర్పును అనుసరించి కోర్టు రాసే అధికారిక ఉత్తర్వు) ఇంకా తయారు కాలేదట అని ఇంట్లో కూర్చున్న రోజులన్నీ మీ ఖాతాలోనే పడతాయి.

ఒక లెక్క చూడండి. తీర్పు జూన్ 3న వచ్చిందనుకుందాం. ఆ రోజును లెక్కలోకి తీసుకోరు కాబట్టి మామూలుగా గడువు జులై 3తో ముగియాలి. మీరు జూన్ 10న నకలుకు దరఖాస్తు పెడితే, అది జులై 1న సిద్ధమైతే, ఆ రెండు తేదీలతో కలిపి 22 రోజులు మినహాయింపు వస్తుంది, గడువు జులై 25 దాకా సాగుతుంది. మీకిచ్చే సర్టిఫైడ్ కాపీ మీద దరఖాస్తు ఇచ్చిన తేదీ, చార్జీలు కోరిన తేదీ, చార్జీలు కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ వేసి ఉంటాయి. అప్పీలు గడువులో ఉందా లేదా అని పై కోర్టు కార్యాలయం చూసేది ఆ తేదీలనే. చార్జీలు కట్టమని నోటీసు బోర్డులో పెట్టాక మీరు పది రోజులు ఆలస్యం చేస్తే ఆ పది రోజులు మీ తప్పు కింద పోతాయి. నకలు సిద్ధమయ్యాక తీసుకోవడానికి పది రోజుల తర్వాత వెళ్లినా అంతే. చాలామంది నకలు చేతికొచ్చిన తేదీ నుంచి లెక్క వేసుకుని మోసపోతున్నారు. లెక్కకు వచ్చేది నకలు సిద్ధమైన తేదీ. అందుకే దరఖాస్తు పెట్టాక వకీలు గారి గుమాస్తాను వారానికి రెండుసార్లయినా అడుగుతూ ఉండండి. ఆఖరి రోజు కోర్టుకు సెలవు అయితే కోర్టు తిరిగి తెరిచిన రోజున వేయవచ్చు. మే నెలలో సివిల్ కోర్టుల వేసవి సెలవుల మధ్య గడువు ముగిసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు దరఖాస్తు పెట్టకపోయి ఉంటే ఈ సంచిక చదివిన రోజే పెట్టండి. గడువు దాటినా తలుపు పూర్తిగా మూసుకుపోదు. సరైన కారణం చూపితే కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ కింద జాప్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది. ఆస్పత్రి పాలయితే ఆ కాగితాలు, ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం జత చేస్తూ, ఏ రోజు ఏ కారణం వల్ల రాలేకపోయారో ప్రమాణపత్రంలో వివరంగా రాయాలి. డబ్బు కుదరలేదు, పనుల ఒత్తిడి అన్న ఒక్క వాక్యంతో జాప్యాన్ని మన్నించమంటే కోర్టు ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు. పైగా గడువు దాటి వేసిన అప్పీలులో ఆ జాప్యం సంగతి తేలి, అప్పీలు వినాలని కోర్టు నిర్ణయించేదాకా డిక్రీ అమలు మీద స్టే ఇవ్వడానికి వీలులేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 3ఎ రూలు చెబుతోంది. ఆలస్యం వల్ల జరిగే అసలు నష్టం అక్కడుంది.

ఇక గట్టు విషయం. దావా నడిచినంత కాలం మీకు తాత్కాలిక ఇంజంక్షన్ ఉండి ఉంటే అది దావాతోపాటే ముగిసిపోయింది. కొట్టేసిన దావాలో అమలు చేయడానికి ఏమీ ఉండదు కాబట్టి స్టే అడిగినందువల్ల మీకు ప్రయోజనం లేదు. అప్పీలుతోపాటే, అప్పీలు తేలేదాకా గట్టు జోలికి రాకుండా తాత్కాలిక ఇంజంక్షన్ ఇవ్వమని విడిగా పిటిషన్ వేయించండి. తాజా అడంగల్, గట్టు ఇప్పుడున్న స్థితిని చూపే ఫొటోలు దానికి జత చేయండి.

ప్రశ్న: కోవూరు దగ్గర మా ఇంటి స్థలం మీద మా బంధువులకు డిక్రీ వచ్చింది. మేము గడువులోనే అప్పీలు వేశాం, నంబరు కూడా అయింది. అయినా వాళ్లు ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసి, అమీనాను (కోర్టు ఉత్తర్వును అమలు చేసే ఉద్యోగిని) తీసుకొచ్చి ఖాళీ చేయిస్తామంటున్నారు. అప్పీలు ఉండగా అలా చేయవచ్చునా?

జవాబు: చేయవచ్చునమ్మా. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. 41వ ఆర్డరు 5వ రూలు ఈ మాట స్పష్టంగా చెబుతోంది. అప్పీలు నంబరైతే కేసు ఆగినట్లేనని ఊళ్లలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. దాన్ని నమ్మి సామాను వీధిలో పడేదాకా మేలుకోని కుటుంబాలు ఉన్నాయి కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

అమలు ఆగాలంటే స్టే కోసం వేరే పిటిషన్ వేసి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వు ఇచ్చే ముందు కోర్టు మూడు సంగతులు చూస్తుంది. స్టే ఇవ్వకపోతే మీకు గణనీయమైన నష్టం జరుగుతుందా, అనవసరమైన జాప్యం లేకుండా మీరు కోర్టుకు వచ్చారా, రేపు అప్పీలులో కూడా ఓడితే డిక్రీకి కట్టుబడి ఉంటామని తగిన హామీ ఇస్తున్నారా అన్నవి ఆ మూడు. నివాసముంటున్న ఇల్లు పడగొడితే తిరిగి కట్టించడం సాధ్యం కాదు కాబట్టి మొదటి అంశం మీకు అనుకూలంగా ఉంటుంది. రెండోది మాత్రం మీ చేతిలోనే ఉంది, ఇంకొక వాయిదా దాకా ఆగకండి. హామీ కింద కోర్టు కొంత సొమ్ము జమ చేయమనవచ్చు, లేదా ఆ స్థలం మీద నెలనెలా కొంత కట్టమనవచ్చు. షరతు పెట్టిన స్టేలో ఆ షరతు గడువులోగా తీర్చకపోతే స్టే ఉండదు. డబ్బు చెల్లించమన్న డిక్రీ అయితే సొమ్ము జమ చేయమనడం మామూలుగా జరిగేదే.

స్టే ఉత్తర్వు వచ్చిన రోజే దాని నకలు తీసుకుని ఈపీ నడుస్తున్న కోర్టులో దాఖలు చేయించండి. పై కోర్టులో స్టే వచ్చిన సంగతి కింది కోర్టుకు తెలియక అమలు జరిగిపోతే ఆ తర్వాత పరిగెత్తవలసింది మీరే.

గెలిచినవారికీ ఒక మాట. ఓడినవారు మీకు తెలియకుండా స్టే తెచ్చుకుంటారన్న భయముంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద కేవియట్ వేసుకోండి. అది 90 రోజులు అమలులో ఉంటుంది, ఆ లోపల స్టే పిటిషన్ పడితే మీకు నోటీసు ఇచ్చి మీ వాదన విన్నాకే ఉత్తర్వు ఇవ్వాలి.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నాను. మా అన్నదమ్ముల పంపకాల దావాలో ప్రాథమిక డిక్రీ వచ్చింది. నాకు మూడో వంతు రావలసి ఉండగా నాలుగో వంతే ఇచ్చారు. కోర్టు నియమించే కమిషనర్ వచ్చి కొలతలు వేసి తుది డిక్రీ ఇచ్చాక అన్నిటి మీదా కలిపి ఒకే అప్పీలు వేయవచ్చని తెలిసినవారు చెబుతున్నారు. అలా ఆగవచ్చునా?

జవాబు: ఆగవద్దు. ఎవరి వాటా ఎంత అన్నది ప్రాథమిక డిక్రీలోనే తేలిపోతుంది. ఆ వాటాలకు ఏ పొలం, ఏ ఇల్లు, ఎన్ని అంకణాల స్థలం వస్తుందన్నది మాత్రమే తుది డిక్రీలో తేలుతుంది. ప్రాథమిక డిక్రీ మీద అప్పీలు వేయనివారు, తుది డిక్రీ మీద వేసిన అప్పీలులో ఆ ప్రాథమిక డిక్రీ తప్పని వాదించడానికి వీలులేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 97వ సెక్షన్ అడ్డుకట్ట వేసింది. కమిషనర్ కొలతలకు ఏళ్లు పట్టినా, తర్వాత మీకు మిగిలేది కొలతల మీద అభ్యంతరమే. వాటా తప్పని మీరు నమ్ముతుంటే ప్రాథమిక డిక్రీ తేదీ నుంచే గడువు లెక్క వేసుకుని అప్పీలు వేయండి.

ప్రశ్న: మాది టంగుటూరు మండలంలో పొగాకు సేద్యం చేసే కుటుంబం. మా తాతగారు కొన్న భూమి మీద హక్కు ప్రకటించమని వేసిన దావా ఓడిపోయాం. తీర్పు వచ్చాక పాత పెట్టె సర్దుతుంటే తాతగారు కట్టిన శిస్తు రసీదులు, ఒక పాత దస్తావేజు దొరికాయి. వీటిని అప్పీలులో పెట్టవచ్చునా? జిల్లా కోర్టులో కుదరకపోతే హైకోర్టులో చూపిద్దామని మా బాబాయి అంటున్నారు.

జవాబు: మీ బాబాయి గారి ఆలోచనను మొదట్లోనే సరిచేయాలి. మొదటి అప్పీలులో కోర్టు సాక్ష్యాలను మొదటినుంచి తిరిగి తూచి చూస్తుంది. సాక్షులు చెప్పిన మాటలు, గుర్తులు వేసిన కాగితాలు, వాటినుంచి కింది కోర్టు తీసిన నిర్ణయాలు అన్నీ తిరిగి పరిశీలించి, తేల్చవలసిన అంశాలేమిటో రాసి, ఒక్కొక్కదాని మీద కారణాలతో తీర్పు ఇవ్వవలసిన బాధ్యత ఆ కోర్టుది. రెండో అప్పీలు అలాంటిది కాదు. అదే కోడ్ 100వ సెక్షన్ ప్రకారం హైకోర్టు రెండో అప్పీలును వినేది కేసులో గణనీయమైన న్యాయ ప్రశ్న ఉన్నప్పుడే, ఆ ప్రశ్నను ముందుగా రాసుకుని దాని మీదే వాదనలు వింటుంది. ఈ భూమి మీ తాతగారు కొన్నదా కాదా, రసీదు నిజమైనదా కాదా అన్న వాస్తవాల మీద రెండు కింది కోర్టులూ ఒకే మాట చెబితే హైకోర్టు సాధారణంగా దానిలో తలదూర్చదు. సుప్రీంకోర్టుకు రాజ్యాంగం 136వ అధికరణం కింద వెళ్లేది హక్కుగా కాదు, ఆ కోర్టు ప్రత్యేక అనుమతి ఇస్తేనే. కాబట్టి వాస్తవాలు తేలవలసిన చోటు జిల్లాలో వేసే మొదటి అప్పీలే. డబ్బు, శ్రమ, మంచి వకీలు ఏదైనా దాచుకోకుండా పెట్టవలసింది అక్కడ. జిల్లాలో మొక్కుబడిగా నడిపి, హైకోర్టులో పెద్ద వకీలును పెడదామనుకుని నష్టపోయినవారే ఎక్కువ.

ఇక దొరికిన కాగితాలు. అప్పీలులో కొత్త సాక్ష్యం పెట్టడం హక్కు కాదు. 41వ ఆర్డరు 27వ రూలు మూడు సందర్భాలలో మాత్రమే దానికి చోటిచ్చింది. కింది కోర్టు తీసుకోవలసిన సాక్ష్యాన్ని కాదని ఉండాలి, లేదా ఎంత శ్రద్ధ పెట్టినా ఆ కాగితం అప్పట్లో మీకు తెలియకపోయి లేక తేలేకపోయి ఉండాలి, లేదా తీర్పు చెప్పడానికి అది అవసరమని అప్పీలు కోర్టే అనుకోవాలి. మీకు సరిపోయేది రెండోది. దాన్ని నిరూపించడానికి, ఆ పెట్టె ఎవరి ఇంట్లో ఎక్కడ ఉంది, ఇన్నాళ్లూ ఎందుకు తెరవలేదు, ఎవరు ఏ రోజు తెరిచారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్న సంగతులు ప్రమాణపత్రంలో ఉన్నదున్నట్లు రాయాలి. పెట్టె మొదటినుంచీ మీ ఇంటి అటక మీదే ఉండి, దావా నడిచినన్నాళ్లూ ఎవరూ చూడలేదంటే శ్రద్ధ చూపలేదని అవతలివారు వాదిస్తారు, ఆ వాదనకు బలం ఉంటుంది. దస్తావేజు రిజిస్టరయినదై ఉంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దాని నకలు కూడా తీసుకుని జత చేయండి. కాగితం మీద అనుమానం రాకుండా అది ఉపయోగపడుతుంది.

ఈ పిటిషన్ అప్పీలుతోపాటే వేయాలి, వాదనల రోజు దాకా దాచిపెట్టకూడదు. కోర్టు అనుమతిస్తే ఆ సాక్ష్యాన్ని తానే తీసుకోవచ్చు, లేదా కింది కోర్టును తీసుకుని పంపమనవచ్చు. అప్పీలు కోర్టు కొన్ని సందర్భాలలో తీర్పును పక్కన పెట్టి దావానే కింది కోర్టుకు తిప్పి పంపుతుంది. అలా తిప్పి పంపితే గెలిచినట్లేనని సంబరపడేవారిని చూస్తుంటాం. మీకు దక్కేది మళ్లీ వాదించే అవకాశం మాత్రమే. దానికి మరికొన్నేళ్లు పట్టవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారు వేసిన అప్పీలు నెల్లూరు కోర్టులో ఉండగా ఆయన కాలం చేశారు. అయిదు నెలలయింది. దినవారాలు, అప్పుల లెక్కలలో పడి కోర్టు సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు కేసు పోయినట్లేనా?

జవాబు: పోయినట్లే అనుకోకండి, కానీ ఇంకొక్క వారం కూడా పోనివ్వకండి. పార్టీ చనిపోయినప్పుడు 90 రోజులలోగా వారసులను రికార్డు మీదకు తెచ్చే పిటిషన్ వేయాలి. వేయకపోతే అప్పీలు దానంతటదే రద్దవుతుంది, దానికి జడ్జి ఉత్తర్వు కూడా అక్కరలేదు. ఆ రద్దును తొలగించమని కోరడానికి మరో 60 రోజులు గడువు ఉంది. మొత్తం కలిపితే 150 రోజులు. మీ అయిదు నెలలు సరిగ్గా ఆ అంచున ఉన్నాయి. మరణ ధ్రువపత్రంలోని తేదీ నుంచి లెక్క వేసి, ఇంకా రోజులుంటే రద్దు తొలగించే పిటిషన్, వారసులను చేర్చే పిటిషన్ వెంటనే వేయించండి. దాటిపోయి ఉంటే వీటికి జాప్యాన్ని మన్నించమనే పిటిషన్ కూడా చేర్చాలి. భార్య, కొడుకులు, కూతుళ్లు అందరి పేర్లూ రావాలి. పెళ్లయి వెళ్లిన అక్కచెల్లెళ్లను వదిలేయడం మన ప్రాంతంలో తరచు జరిగే పొరపాటు, అది తర్వాత కేసుకే ముప్పు తెస్తుంది.

అవతలి పక్షంలో ఎవరైనా చనిపోయినా అదే 90 రోజులలోగా వారి వారసులను చేర్చవలసిన బాధ్యత అప్పీలు వేసినవారిదే. విడదీయడానికి వీలులేని డిక్రీలో ఒక్కరి వారసులను చేర్చకపోయినా మొత్తం అప్పీలు కూలిపోవచ్చు. తన పార్టీ చనిపోయిన సంగతి తెలిసిన వకీలు దాన్ని కోర్టుకు చెప్పాలని 22వ ఆర్డరు 10ఎ రూలు విధించింది. ఆ వకీలుకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇంట్లో కోర్టు కేసు ఉన్నవారు దాని నంబరు, వకీలు ఫోను నంబరు కుటుంబంలో మరొకరికి తెలిసేటట్లు రాసిపెట్టడం మంచిది.

ప్రశ్న: ఒంగోలులో రొయ్యల మేత వ్యాపారం చేసేవాణ్ణి. చెక్కు బౌన్సు కేసులో మేజిస్ట్రేట్ కోర్టు ఏడాది జైలు, చెక్కు మొత్తం నష్టపరిహారంగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అప్పీలు వేస్తే 20 శాతం కట్టాలంటున్నారు. జైలుకు వెళ్లకుండా అప్పీలు వేయలేనా?

జవాబు: శిక్ష మూడేళ్లకు మించనప్పుడు, మీరు బెయిలు మీద ఉన్నప్పుడు, అప్పీలు వేసుకోవడానికి సరిపడా కాలం శిక్షను నిలిపి బెయిలు ఇవ్వమని తీర్పు చెప్పిన మేజిస్ట్రేట్‌నే అడగవచ్చు. బెయిలు కాదనడానికి ప్రత్యేక కారణాలు లేకపోతే ఇవ్వాలి. జైలు శిక్ష పడినవారికి తీర్పు నకలు ఖర్చు లేకుండా వెంటనే ఇవ్వాలన్నది చట్టం, అది అడిగి తీసుకోండి. ఆ తర్వాత 30 రోజులలోగా సెషన్స్ కోర్టులో అప్పీలు వేసి, అప్పీలు తేలేదాకా శిక్ష నిలుపుదల కోరాలి. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 374, 389 సెక్షన్ల సంగతులు ఇప్పుడు 415, 430 సెక్షన్లలో ఉన్నాయి. మీ కాగితాలలో ఏ నంబరు కనిపించినా కంగారు పడవద్దు.

20 శాతం సంగతి నిజమే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 2018లో చేర్చిన 148వ సెక్షన్ కింద, అప్పీలు కోర్టు జరిమానా లేక పరిహారంలో కనీసం 20 శాతం జమ చేయమని ఆదేశించవచ్చు. ఉత్తర్వు తేదీ నుంచి 60 రోజులు, సరైన కారణం చూపితే మరో 30 రోజులు గడువు ఇస్తారు. ఆ షరతు అన్యాయంగా పరిణమించే అసాధారణ పరిస్థితులలో కోర్టు మినహాయింపు ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. చెరువులకు తెగులు సోకి మీ వ్యాపారం దెబ్బతిని ఉంటే, బ్యాంకు ఖాతాల వివరాలతో ఆ మినహాయింపును విడిగా అడగాలి. కారణం చూపకుండా అడిగితే రాదు. బాకీ నిజమేనని మీ మనసుకు తెలిసి ఉంటే అప్పీలు దశలో కూడా రాజీ పడవచ్చు. ఎంత ఆలస్యంగా రాజీ పడితే కోర్టు ఖర్చుల భారం అంత పెరుగుతుంది కాబట్టి ఆ నిర్ణయం తొందరగా తీసుకోండి.

ప్రశ్న: చీమకుర్తి దగ్గర లారీ గుద్ది నా భర్త చనిపోయారు. ఒంగోలులోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం ఇచ్చింది, మేము అడిగినదాంట్లో సగం కూడా లేదు. ఇప్పుడు బీమా కంపెనీ అదీ ఎక్కువేనని హైకోర్టులో అప్పీలు వేసింది. ఇద్దరు చిన్నపిల్లలు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, వారు అప్పీలు వేశారని మీరు వచ్చినదానితో సరిపెట్టుకోవలసిన పని లేదు. పరిహారం పెంచమని మీరూ అడగవచ్చు. మోటారు వాహనాల చట్టం 173వ సెక్షన్ కింద మీ అప్పీలుకు 90 రోజుల గడువు ఉంది. అది దాటిపోయినా, బీమా కంపెనీ అప్పీలు నోటీసు మీకు అందిన నెల రోజులలోగా అదే కేసులో ఎదురు అభ్యంతరాలు వేసి పెంపు కోరవచ్చు. అందువల్ల నోటీసు అందిన తేదీ కవరు మీదే రాసి భద్రంగా ఉంచండి. చాలామంది ఆ నోటీసును భయంతో పక్కన పడేసి ఈ అవకాశం పోగొట్టుకుంటున్నారు.

హైకోర్టు స్టే ఇచ్చినా, పరిహారంలో కొంత భాగం జమ చేయమన్న షరతు మీద ఇవ్వడం మామూలు. జమ అయిన సొమ్ములో మీ వాటా తీసుకోవడానికి అనుమతి కోరుతూ పిటిషన్ వేయించండి. పిల్లల వాటా వారు మైనర్లుగా ఉన్నంతకాలం బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు.

ప్రశ్న: లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ఇప్పుడు ఇంటికి వచ్చాక నష్టపోయామనిపిస్తోంది. అప్పీలు ఉందా? (ఒక పాఠకుడు, ముత్తుకూరు)

జవాబు: లేదు. లోక్ అదాలత్ అవార్డు మీద ఏ కోర్టుకూ అప్పీలు లేదని చట్టమే చెప్పింది. మోసం జరిగిందనో, మీ సంతకమే లేదనో చూపగలిగితే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆలోచించుకున్నాక తక్కువనిపించింది అన్నది దానికి కారణం కాదు.

ప్రశ్న: తహసీల్దార్ మా పొలాన్ని వేరేవారి పేరున పాసు పుస్తకంలో ఎక్కించారు. కోర్టుకు వెళ్లాలా? (ఒక రైతు, కొండపి)

జవాబు: ముందు ఆర్డీవో దగ్గరకు. ఉత్తర్వు మీకు తెలియజేసిన తేదీ నుంచి 60 రోజులలోగా 1971 నాటి హక్కుల రికార్డుల చట్టం కింద అప్పీలు వేయాలి. అక్కడా కుదరకపోతే జాయింట్ కలెక్టరు ముందు రివిజన్ ఉంది. అసలు హక్కు ఎవరిదన్న తగాదా ఉంటే అది సివిల్ కోర్టు తేల్చవలసిందే, రెవెన్యూ రికార్డు దాన్ని తేల్చదు.

ప్రశ్న: మా అమ్మ తరఫున రాస్తున్నాను. ఆమె కేసు జిల్లా కోర్టు అప్పీలులోనూ ఓడిపోయింది. హైకోర్టుకు వెళ్లే స్తోమత లేదు. ప్రతి వాయిదాకూ బుచ్చిరెడ్డిపాళెం నుంచి అమరావతికి తిరగలేము. పాత వకీలు గారు కాగితాలు ఇవ్వడం లేదు.

జవాబు: 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది. రెండో అప్పీలు అక్కడే వేయాలి, గడువు 90 రోజులు. వాయిదాలకు అమ్మగారు వెళ్లనవసరం లేదు. అప్పీలులో సాక్షులను విచారించడం సాధారణంగా ఉండదు, వకీళ్లు రికార్డు మీద వాదిస్తారు. వకాల్తా మీద సంతకం, ప్రమాణపత్రం ఉంటే చాలు. వాయిదా ఏ రోజుకు పడిందో, ఏం ఉత్తర్వు వచ్చిందో ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేసి మీరే చూసుకోవచ్చు.

స్తోమత సంగతి. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఆదాయం ఎంతన్నదానితో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి కూడా ఆ హక్కు ఉంది. కోర్టు ఫీజు, వకీలు ఫీజు, నకళ్ల ఖర్చు దీని కిందకు వస్తాయి. నెల్లూరు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి, హైకోర్టు కేసును వారు అక్కడి కమిటీకి పంపుతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఉచిత సహాయం అంటే నాసిరకం సహాయమని కొందరు వెనకాడుతున్నారు. ఇది హక్కు, దయ కాదు. ఇచ్చిన వకీలు శ్రద్ధ చూపకపోతే మార్చమని అదే కార్యాలయంలో అడగవచ్చు.

పాత వకీలు గారి దగ్గరున్న కట్ట కోసం గడువు పోగొట్టుకోవద్దు. అప్పీలుకు కావలసిన రెండు తీర్పులు, డిక్రీల సర్టిఫైడ్ కాపీలు కోర్టు నుంచి నేరుగా తీసుకోవచ్చు. పిటిషన్లు, వాంగ్మూలాలు, గుర్తులు వేసిన దస్తావేజుల నకళ్లకు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. న్యాయ సహాయానికి వెళ్లేటప్పుడు ఆ రెండు తీర్పులు, అమ్మగారి ఆధార్ కార్డు వెంట తీసుకువెళ్లండి. రెండో తీర్పు మొదటి పేజీ మీద ఉన్న తేదీని, నకలు సిద్ధమైన తేదీని అక్కడి ఉద్యోగికి ముందుగా చూపించండి. 90 రోజులలో ఎన్ని మిగిలాయో చూసుకునే వారు మీ దరఖాస్తును ఎంత తొందరగా కదపాలో నిర్ణయిస్తారు.